అనంతగిరి కనుమలు – అరకు లోయ

పర్వతములను చూడవలెనను కోరిక మానవునకు సహజమైనది. మైదానమున పుట్టి పెరిగిన బాలునకు దూరమున నీలముగా కనిపించు కొండల వరుస ఏదో యొక వింతలోకమునకు ప్రాకారమువలె తోచును. ఆ ప్రాకారమునకు ఆవల ఏమున్నదో చూచి రావలెనని అతని మనస్సు ఉవ్విళ్లూరును. అట్టి కోరికను తీర్చుకొనుటకు తెలుగువారు హిమాలయములదాక పోనక్కరలేదు. విశాఖపట్టణమునుండి సుమారు 115 కిలోమీటర్ల దూరమున, తూర్పు కనుమల నడుమ, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున అరకు లోయ యున్నది. ప్రొద్దున సముద్రపుటొడ్డున సూర్యోదయమును చూచినవాడు ఆ దినముననే ఈ లోయలో చల్లగాలిని పీల్చుకొనవచ్చును. ఇంత స్వల్పదూరములో సముద్రమును, పర్వతమును రెంటిని చూడగల భాగ్యము అన్ని నగరములవారికి లభించునది కాదు.

తూర్పు కనుమలు పడమటి కనుమలవలె ఎడతెగని గోడగా నిలిచియుండవు. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న మొదలగు నదులు వీనిని ఛేదించుకొని సముద్రమునకు పోవుచున్నవి. అందుచే ఇవి పెక్కుచోట్ల విడివిడిగానున్న కొండల గుంపులవలె కనిపించును. విశాఖ మన్యమున మాత్రము ఇవి ఒకదాని ప్రక్క నొకటి క్రిక్కిరిసి, 1600 మీటర్లకు పైబడిన శిఖరములతో ఠీవిగా నిలిచియున్నవి. ఈ కొండలలో విస్తారముగా దొరకు ఒక విధమగు శిలకు భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండలైటు అని పేరిడిరి. ఈ తూర్పు కనుమలలో నివసించు ఖోండులను గిరిజనుల పేరే ఆ శిలకు వచ్చినది. ఒక జాతి పేరు ఒక శిలకు పేరై, దేశదేశముల శాస్త్రగ్రంథములలో నిలిచియుండుట విశేషము. 2022వ సంవత్సరమున జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడు ఈ ప్రాంతము విశాఖపట్టణము జిల్లానుండి విడివడి, పాడేరు ముఖ్యపట్టణముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది.

అరకునకు పోవుటకు రెండు దారులు కలవు. ఒకటి శృంగవరపుకోట మీదుగా పోవు ఘాటురోడ్డు, రెండవది రైలుమార్గము. యాత్రికులలో పెక్కుమంది పోవునప్పుడు రైలులో పోయి, వచ్చునప్పుడు రోడ్డుమీద వత్తురు. ఇది తెలివైన ఏర్పాటు. ఏలయనగా రెండు దారులును రెండు వేర్వేరు దృశ్యములను చూపును.

ఈ రైలుమార్గము యాత్రికుల కొరకు నిర్మింపబడినది కాదు. బైలడిల్లా కొండలలోని ఇనుపఖనిజమును విశాఖపట్టణపు రేవునకు చేర్చి, అక్కడనుండి జపాను దేశమునకు ఎగుమతి చేయుటకై 1960వ దశకమున దీనిని నిర్మించిరి. కొత్తవలసనుండి కిరండూలు వరకు పోవు ఈ మార్గమును దట్టమైన అడవులలో, నిలువైన కొండచరియలపై వేయుట సామాన్యమైన పని కాదు. కొండను తొలిచి సొరంగములు చేయవలెను. లోయలపై ఎత్తైన వంతెనలు కట్టవలెను. వానకాలమున కొండచరియలు విరిగిపడకుండ గోడలు నిలుపవలెను. ఈ మార్గమున యాబదికి పైగా సొరంగములు కలవు. బండి ఒక సొరంగమున దూరగానే పెట్టెలోని పిల్లలందరు కేకలు వేయుదురు. వెలుపలికి వచ్చిన క్షణముననే ఎదుట ఒక లోయయు, దాని అడుగున వెండితీగవలె ఒక వాగును కనిపించును. ఇంతలో మరల చీకటి. ఇట్లు వెలుగునీడల దోబూచులాటతో ప్రయాణము సాగును. శివలింగపురము, త్యాడ, చిమిడిపల్లి, బొర్రాగుహలు అను స్టేషనులు దాటి, బండి షిమిలిగూడకు చేరును. సుమారు 1000 మీటర్ల ఎత్తుననున్న ఈ చిన్న స్టేషను ఒకప్పుడు దేశమందలి బ్రాడ్‌గేజి స్టేషనులన్నిటిలో ఎత్తైనదిగా పేరొందినది. కాశ్మీరమునకు రైలు వేసిన పిదప ఆ ఖ్యాతి దానికి పోయినది. అందము మాత్రము పోలేదు. 2017వ సంవత్సరమునుండి ఈ దారిలో అద్దపు కప్పు గల విస్టాడోము పెట్టెను గూడ నడుపుచున్నారు.

రోడ్డున పోవువారు శృంగవరపుకోట దాటినంతనే కొండనెక్క నారంభింతురు. మలుపు మలుపునకు గాలి చల్లబడును. చెట్ల తీరు మారును. అనంతగిరి సమీపించుసరికి పొడవైన చెట్ల నీడలో నవనవలాడు పొదలు కొండవాలునంతయు కప్పి కనిపించును. అవి కాఫీతోటలు. కాఫీమొక్కకు మితిమీరిన ఎండ పనికిరాదు. నిలిచిన నీరును పనికిరాదు. నీడనిచ్చు చెట్లును, నీరు నిలువని వాలును, చల్లని గాలియు దానికి కావలెను. ఈ మూడును ఇక్కడ సమృద్ధిగా నున్నవి. నీడకై పెంచిన సిల్వర్ ఓకు చెట్ల బోదెలపైకి మిరియపు తీగలను ప్రాకింతురు. అందుచే ఒకే నేలనుండి కాఫీగింజలును, మిరియములును లభించును. వేసవి వానలు రెండు జల్లులు పడినంతనే కాఫీపొదలు తెల్లని పూలతో నిండి, మల్లెలను తలపించు పరిమళమును వెదజల్లును. చలికాలమున ఎఱ్ఱని పండ్లను చేతితో ఏరుదురు.

ఈ తోటలు అందమునకై వేసినవి కావు. మునుపు గిరిజనులు అడవిని నరికి కాల్చి, ఆ బూడిదలో విత్తనములు చల్లి, రెండు మూడేండ్లు పండించి, సారము తగ్గగానే మరియొక చోటికి పోవుచుండిరి. దీనిని పోడు వ్యవసాయమందురు. జనసంఖ్య తక్కువగానున్న దినములలో విడిచిన నేలపై అడవి మరల పెరుగుటకు వ్యవధి యుండెడిది. జనము పెరుగగా ఆ వ్యవధి తగ్గి, కొండలు బోడివగుచు వచ్చినవి. చెట్లను నిలిపి వాని నీడలోనే బ్రతుకుతెరువు చూపు పంట కాఫీ. కావుననే ప్రభుత్వము గిరిజన కుటుంబములచే కాఫీ సాగును చేయించినది. 2019వ సంవత్సరమున అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇప్పుడు ఈ కాఫీ విదేశములలో గూడ పేరు గాంచినది.

అనంతగిరి కొండలలో యాత్రికులు తప్పక చూడదగినవి బొర్రా గుహలు. ఇవి సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున, గోస్తనీ నది లోయలో నున్నవి. గుహాముఖము కోటద్వారమువలె విశాలమైనది. మెట్లు దిగి లోపలికి పోవుకొలది వెలుతురు తగ్గును, చల్లదనము హెచ్చును, గబ్బిలముల రెక్కల సవ్వడి వినవచ్చును. దీపకాంతిలో చూడగా పైకప్పునుండి వేలకొలది శిలలు ఊడలవలె వ్రేలాడుచుండును. వానికి సరిగా క్రిందనే నేలనుండి పుట్టలవలె మరికొన్ని శిలలు పైకి లేచుచుండును. కొన్నిచోట్ల ఆ రెండును కలిసికొని స్తంభములైనవి. చూచువారి ఊహనుబట్టి ఒక శిల శివలింగమువలె, వేరొకటి తల్లీబిడ్డలవలె, మరియొకటి ఋషి గడ్డమువలె తోచును.

ఈ శిల్పములను చెక్కిన శిల్పి నీటిచుక్క. వాన నీరు గాలిలోను, నేలలోను ఉన్న బొగ్గుపులుసు గాలిని తనలో కలుపుకొని కొంచెము పులుపెక్కును. ఆ నీరు సున్నపురాతి పగుళ్లలో ఇంకునప్పుడు ఆ రాతిని కొద్దికొద్దిగా కరగించును. లక్షల సంవత్సరములిట్లు కరగగా రాతి నడుమ బిలములు, గుహలు ఏర్పడును. పిదప కరగిన సున్నమును మోసికొని వచ్చు నీటిచుక్క గుహ కప్పునకు చేరి క్షణకాలము వ్రేలాడును. గాలి తగిలి ఆ చుక్కలోని బొగ్గుపులుసు గాలి విడిపోగా, సున్నము సన్నని పొరగా అక్కడనే మిగిలిపోవును. చుక్క రాలిపడినచోట మరికొంత సున్నము పేరుకొనును. పైనుండి వ్రేలాడు శిలలను స్టాలక్టైట్లనియు, నేలనుండి లేచు శిలలను స్టాలగ్మైట్లనియు శాస్త్రజ్ఞులు పిలుతురు.

ఈ పెరుగుదల ఎంత నెమ్మదియైనదో గమనింపవలెను. ఇట్టి శిలలు సామాన్యముగా ఏడాదికి మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే పెరుగునని అంచనా. అనగా పది సెంటీమీటర్లు పెరుగుటకు వేయి సంవత్సరములు పట్టును. రాజమహేంద్రవరమున నన్నయభట్టు భారతమును తెనిగింప నారంభించి నేటికి ఇంచుమించు వేయి సంవత్సరములైనది. ఆ దినమున కారుట మొదలిడిన చుక్క ఇన్ని తరములు గడచిన పిమ్మట గూడ బెత్తెడు శిలను మాత్రమే కట్టగలిగినది. ఆ బెత్తెడు శిలను ఒక తుంటరి బాలుడు రాతితో కొట్టి విఱుచుటకు ఒక్క క్షణము చాలును.

గుహలను గూర్చి స్థానికులు చెప్పుకొను కథ యొకటి కలదు. పూర్వమొక ఆవు కొండపై మేయుచు, కప్పునందలి రంధ్రమునుండి గుహలోనికి జారిపడినదట. ఆవును వెదకుచు వచ్చిన పసులకాపరికి గుహలో శివలింగమువంటి శిల కనిపించినదట. శివుడే ఆవును రక్షించెనని తలచి ఆ ఊరివారు అక్కడ పూజలు చేయసాగిరి. నేటికిని శివరాత్రినాడు చుట్టుపట్ల గ్రామములవారు గుహకు వచ్చి స్వామిని సేవింతురు. గుహ చెంత ప్రవహించు నదికి గోస్తని యను పేరు వచ్చుటకును ఈ కథయే కారణమని చెప్పుదురు. గోస్తని యనగా ఆవు చన్ను. ఈ పేరు ఎంతయు సార్థకమైనది. ఈ కొండలలో పుట్టిన ఆ నది తాటిపూడి జలాశయమును నింపి, పొలములను తడిపి, విశాఖపట్టణమునకు త్రాగునీటినిచ్చి, భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియుచున్నది. నగరమున కుళాయి త్రిప్పి నీరు పట్టుకొను బాలునకు ఆ నీటిలో కొంత భాగము బొర్రా కొండలలో పుట్టినదని తెలియకపోవచ్చును. కాని ఆవు పాలవలె అది వానిని పోషించుచునే యున్నది.

బొర్రానుండి కొంతదూరమున కటికి జలపాతమున్నది. అక్కడికి పోవు త్రోవ కఠినమైనది. కొంత నడువక తప్పదు. నడచినవానికి ఆ చల్లని తుంపరలే బహుమానము. మరల రోడ్డునకు వచ్చి పైకి పోగా గాలికొండ యను చోటు వచ్చును. ఆ పేరునకు తగినట్లే అక్కడ ఎల్లప్పుడు గాలి వీచుచుండును. అక్కడ నిలిచి చూచినచో కొండల వెనుక కొండలు, వాని వెనుక మరికొన్ని కొండలు, ఆకుపచ్చనినుండి నీలమునకు, నీలమునుండి బూడిదవన్నెకు మారుచు ఆకసమున కలిసిపోవుచుండును. సుంకరిమెట్ట అడవులు దాటిన పిదప దారి దిగుటకు మొదలిడును. కొండల నడుమ పళ్లెరమువలె నున్న అరకు లోయ ఎదుట కనిపించును.

అరకును చూచుటకు చలికాలము మేలైనది. కార్తిక మార్గశిర మాసములలో వలిసెచేలు పూయును. వలిసె నూనెగింజల పంట. దాని పూలు ప్రొద్దుతిరుగుడు పూలవలె పచ్చనివే కాని, మిక్కిలి చిన్నవి. మంచు విడిచిన ప్రొద్దుటివేళ లోయ యంతయు పసుపు ఆరబోసినట్లు కనిపించును. అరకులోని పద్మాపుర ఉద్యానమునకు ఒక చరిత్ర కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికులకు కూరగాయలు పండించుటకై దానిని నెలకొల్పిరి. యుద్ధము ముగిసినది, కూరగాయల మడులు పూలమడులైనవి. గిరిజన ప్రదర్శనశాలలో వారి ఇండ్లు, పనిముట్లు, నగలు, వేటసాధనములు, పండుగలు మొదలగువానిని తెలుపు బొమ్మలు కలవు. డుంబ్రిగుడ చెంతనున్న చాపరాయివద్ద వాగు చాపవలె పరచుకొన్న విశాలమైన బండపై జారుచు ప్రవహించును. ఆ బండ నునుపైనది. నీరు లోతులేనట్లు తోచును. కాని జారిపడినవారు పలువురు. అక్కడ తొందర పనికిరాదు.

పాడేరు వైపున మత్స్యగుండమను పుణ్యస్థలమున్నది. రాళ్ల నడుమనున్న మడుగులో చేపలు గుంపులు గుంపులుగా తిరుగుచుండును. వానిని దైవస్వరూపములుగా భావించి ఎవరును పట్టరు. కావలివాడు లేడు, శిక్ష వేయువాడు లేడు. ఐనను ఆ చేపలు నిర్భయముగా బ్రతుకుచున్నవి. చింతపల్లి వైపుననున్న లంబసింగి యను చిన్న ఊరు చలికి ప్రసిద్ధమైనది. శీతకాలపు వేకువలో అక్కడి వేడిమి సున్న డిగ్రీలకు సమీపముగా దిగును. తెలుగునాట ఇంతటి చలి గల ఊళ్లు అరుదు.

ఈ కొండలను చూచువారు ఇక్కడి మనుష్యులను మరువరాదు. భగతలు, కొండదొరలు, కోటియాలు, వాల్మీకులు, ఖోండులు, పోర్జలు, గదబలు మొదలగు గిరిజనులు తరతరములుగా ఇక్కడ నివసించుచున్నారు. పండుగలకును, పెండ్లిండ్లకును వారు ధింసా నృత్యము చేయుదురు. స్త్రీలు ఒకరి వెనుకనుండి మరియొకరు చేతులు పెనవేసికొని, వరుసగా నిలిచి, డప్పు, తుడుము, కొమ్ము మొదలగు వాద్యములకు అనుగుణముగా అడుగులు వేయుదురు. వరుస పామువలె మెలికలు తిరుగును గాని ఎక్కడను తెగదు. అందులో ముఖ్యనర్తకి యనియు, ప్రేక్షకురాలనియు భేదము లేదు. చైత్రమాసమున ఇటుకల పండుగనాడు ఊరూర ఈ సందడి కనిపించును. వారపు సంతలలో పసుపు, అల్లము, చింతపండు, అడ్డాకులు, చీపుళ్లు మొదలగు సరకులు రాశులు పోసియుండును. ఒక దినము సంతలో నిలిచి చూచినవానికి ఆ ప్రాంతపు జీవనము సగము బోధపడును.

ఈ మన్యము స్వాతంత్ర్య చరిత్రలోను ప్రసిద్ధికెక్కినది. 1882వ సంవత్సరపు మద్రాసు అటవీచట్టముతో గిరిజనుల పోడుకును, అటవీఫలసేకరణమునకును అడ్డంకులు కలిగినవి. రోడ్ల పనికి వారిచే వెట్టి చేయించిరి. ఆ బాధలు సహింపలేని జనులకు నాయకుడై అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి పోలీసు ఠాణాను ముట్టడించి ఆయుధములను గైకొనెను. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి ఠాణాలు ముట్టడింపబడెను. సుమారు రెండేండ్లు ఆంగ్ల ప్రభుత్వమును ఎదిరించిన ఆ వీరుడు 1924 మే 7వ తేదీన కొయ్యూరు సమీపమున పట్టుబడి, తుపాకికి బలియయ్యెను. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. ఈ కొండలలోని వంకరదారులే ఆయన సేనకు కోటగోడలైనవి.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప గూడ ఈ నేలకు పోరాటము తప్పలేదు. అనంతగిరి ప్రాంతమున కాల్సైటు మొదలగు ఖనిజములు దొరకును. వానిని త్రవ్వుటకు గిరిజనేతరులకు కౌలు ఇచ్చుట న్యాయమా యను ప్రశ్న న్యాయస్థానములకెక్కినది. సమత యను సంస్థ నడపిన ఆ వ్యాజ్యమున 1997 జూలై 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. షెడ్యూల్డు ప్రాంతములలోని భూములను, అవి ప్రభుత్వమువైనను సరే, గని త్రవ్వకమునకు గిరిజనేతరులకు గాని, ప్రైవేటు కంపెనీలకు గాని కౌలునకు ఈయరాదని ఆ తీర్పు సారాంశము. ఈ కుగ్రామములలో పుట్టిన వ్యాజ్యము దేశమందలి గిరిజనులందరకు ఆధారమైన తీర్పునకు కారణమైనది. యాత్రికులు సుందరమని చూచి ఆనందించు ఆ కొండవాలు గిరిజనునకు ఇల్లు, పొలము, అన్నము అని ఈ చరిత్ర తెలుపుచున్నది.

యాత్రికుల రాకవలన ఇక్కడివారికి జీవనోపాధి కలుగుచున్న మాట నిజమే. కాఫీ, తేనె, వెదురు బొంగులో వండిన కోడిమాంసము మొదలగువానిని అమ్ముకొని పలువురు బ్రతుకుచున్నారు. కాని కీడును లేకపోలేదు. ప్లాస్టికు సీసాలును, సంచులును వాగులలో పడి క్రిందికి కొట్టుకొనిపోవును. గుహలోని శిలలను మాటిమాటికి చేతితో తాకినచో చేతి జిడ్డు అంటి, నీటిచుక్క నిలువక, ఆ శిల పెరుగుట ఆగిపోవును, రంగు నల్లబడును. ఎడతెగని దీపకాంతికి గుహల గోడలపై పాచి పెరుగును. గిరిజనుల అనుమతి లేకయే వారి ఇండ్ల ముంగిట నిలిచి ఛాయాచిత్రములు తీయుటయు మర్యాద కాదు. పిలువని యింటికి పోయిన అతిథి ఎట్లు మెలగవలెనో ఈ కొండలకు పోయినవాడును అట్లే మెలగవలెను. మత్స్యగుండపు చేపలకు కావలి లేకున్నను రక్షణమున్నది. ఆ భక్తియే గుహలకును, వాగులకును, అడవులకును కావలి కాగలిగినచో అంతకు మించిన చట్టము అక్కరలేదు.

నేడు ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడు బొర్రా గుహలో ఒక శిల కొనను వ్రేలాడు నీటిచుక్కను చూచెననుకొందము. అతడు అరువది యేండ్ల తరువాత మనుమని చేయి పట్టుకొని మరల అక్కడికి వచ్చినచో ఆ శిల ఆరు మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు సెనగగింజంత పెరిగియుండును. ఒక మనుష్యుని జీవితకాలమున ప్రకృతి చేసిన పని అంతియే. ఆ సెనగగింజంత పనిని చూపి, "నా చిన్ననాడు ఇది ఇంత లేదు" అని మనుమనితో చెప్పగల భాగ్యము ఆ తాతకు కలుగునో, లేక విరిగిన మొండిశిలను చూపవలసి వచ్చునో, అది నేటి బాలుర చేతులలోనే యున్నది.